పాలు పూసిన పేరు

వాన పడిన రోజు నా గదిలో గొర్రెల వాసన వస్తుంది. హైదరాబాదులో ఒక మూడో అంతస్తులో, ముగ్గురు అమ్మాయిలం కలిసి కిరాయికి ఉండే గదిలో గొర్రెల వాసనేమిటని అడిగేవాళ్లకు నా ట్రంకుపెట్టె చూపిస్తాను. అందులో మా అవ్వ గొంగడి ఉంది. ఎండాకాలమంతా ఏ వాసనా లేకుండా పడి ఉండే ఆ నల్లటి ఉన్ని, గాలిలో తేమ తగలగానే నిద్ర లేస్తుంది. మొదట తడిసిన గొర్రె వాసన, దాని వెనుక గొంగడికి పట్టించిన చింతగింజల గంజి వాసన, చిట్టచివర, ముక్కు ఆనిస్తే తప్ప తెలియనంత సన్నగా, మా అవ్వ దవడన పెట్టుకునే పొగాకు వాసన. గదిలో ఉండే అమ్మాయి ఒకతె పోయిన వానాకాలం ఈ పెట్టె మీద సెంటు కొట్టింది. ఆమె మరిచిపోయి ఉంటుంది. నేను మరిచిపోలేదు.

గొంగడి మడతల్లో ఒక పుస్తకం ఉంది, కొరియన్ భాషలో అచ్చయిన నాలుగు వందల పేజీల నవల. ఆ పుస్తకం మధ్యలో నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఉండేది. పేరు మార్చుకోవడానికి నేనే నింపుకున్న దరఖాస్తు అది. డిగ్రీ పట్టా మీద కొత్త పేరు రావాలని అన్ని గళ్లూ నింపి, సంతకం ఒక్కటి మిగిల్చాను. పోయిన నెల దాకా సంతకం పెట్టాలనే ఉన్నాను.

నా పేరు పెంటమ్మ.

నాకన్నా ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టి పురిట్లోనే పోయారు. నేను పుట్టిన మూడో రోజు మా అవ్వ నన్ను చాటలో వేసి తీసుకుపోయి ఇంటి వెనుక పెంటకుప్ప మీద పెట్టిందట. పక్కింటామె ఏదో దొరికినట్టు నన్ను ఎత్తుకుంటే, చాటెడు తవుడు ఆమెకిచ్చి మళ్లీ నన్ను కొనుక్కుందట. ఎవరికీ పనికిరాక పారేసిన పిల్ల అనుకుని చావు నా మీద కన్ను వేయదని నమ్మకం. అవ్వ కాలంలో ప్రతి వాడకట్టులో ఒక పెంటయ్యో పెంటమ్మో ఉండేవారు కాబట్టి ఎవరూ నవ్వేవారు కాదు. నా తరగతిలో మాత్రం హర్షితలు, శ్రావ్యల మధ్య నేనొక్కదాన్నే పెంటమ్మను. హాజరు పిలిచేటప్పుడు ముక్కు మూసుకున్న వాళ్లు ఎవరెవరో ఇప్పటికీ వరుసగా చెప్పగలను. ఇద్దరికి పెళ్లిళ్లయ్యాయి. నన్ను పిలిచినా పోలేదు.

మా ఊరు మక్తల్ నుంచి ఆటోలో అరగంట. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నారాయణపేట జిల్లా. కర్ణాటక దగ్గర కావడంతో మా సంతలో సగం బేరాలు కన్నడంలో నడిచేవి. మేము కురుమలం. మా ఏడాదిని గొర్రెలే నడిపేవి. తొలకరికి ముందు ఒకసారి, చలికి ముందు ఒకసారి ఉన్ని కత్తిరించే రోజుల్లో వాకిలంతా నల్లటి ఉన్ని కుప్పలు, వాటి మీద మేం దొర్లడం, ఒళ్లంతా జిడ్డు, రెండు రోజులు పోని దురద. అవ్వ గోడకు ఆనుకుని కాళ్లు చాపి కదురు తిప్పుతూ ఉన్ని వడికేది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, ఉడికించిన గంజి కుండ పక్కన ఉడుకుతుంటే, వేగిన గింజలు దొంగతనంగా జేబులో పోసుకుని బడిలో నమిలేవాళ్లం, దవడలు నొప్పి పుట్టేదాకా. పొద్దున సజ్జరొట్టె, మధ్యాహ్నం బడి అన్నం, మాపటికి జొన్నరొట్టె, పచ్చిపులుసు. గొర్రె ఈనితే జున్ను. పగలంతా మంద వెంట పోయే శక్తి లేని గొర్రెపిల్లలను ఇంటి పక్క ముళ్లకంప దొడ్డిలో ఉంచేవాళ్లం. పొద్దుగూకేముందు మంద తిరిగి రాగానే దొడ్డి తలుపు తీస్తే, అరవై డెబ్భై పిల్లలు అరుస్తూ ఉరికేవి, అన్ని తల్లులూ అరిచేవి, ఆ గోలలో ఒక్క పిల్ల కూడా తప్పు తల్లి దగ్గరికి పోయేది కాదు. ఆ తలుపు తీసే పని నాది. అంత గొప్ప పని నాకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు వానలు పడలేదు. బతుకమ్మ, పీర్ల పండుగ ఆ ఏడు ఒకే వారంలో వచ్చాయి. తంగేడు పూలు దొరక్క బతుకమ్మను చిన్నగా పేర్చారు కానీ మలీద మాత్రం రెండు పండుగలకూ చేశారు. రొట్టెను చిదిమి బెల్లం కలిపి ముద్దలు చేస్తుంటే అవ్వ చేతి వేళ్ల సందుల్లోంచి నెయ్యి కారడం నాకింకా కనిపిస్తుంది. ఆ వారమే మా ఊరికి ఓకమ్మ వచ్చింది.

ఆమె అసలు పేరు ఓక్సున్. యాభై అయిదేళ్ల సన్నటి మనిషి, భుజాల దాకా నెరిసిన జుట్టు, మగవాళ్ల చొక్కా, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. పిల్లలు చీనామె వచ్చిందని వెంటపడ్డారు. మా ఊరి తెలుగు సారు, రిటైరైన పంతులు, వాళ్లను కసిరి, ఆమెది కొరియా అని, ఆమె నాలుగు నవలలు రాసిన పెద్ద రచయిత్రి అని, ఇతర దేశాల పుస్తకాలను తమ భాషలోకి తెచ్చే మనిషి అని చెప్పాడు. సారు స్నేహితుడు ఒకాయన, నల్లగొండ వైపు మనిషి, మా ఊరికి వచ్చిపోతూ కురుమల మీద ఒక నవల రాసి చనిపోయాడు. అది ఇంగ్లీషులోకి పోయింది. ఇంగ్లీషులో చదివిన ఓక్సున్ దాన్ని కొరియన్‌లో రాస్తానని మొదలుపెట్టి, సగంలో ఆగి, ఆ ఇంగ్లీషు మీద నమ్మకం కుదరక, తెలుగు అక్షరాలు నేర్చుకుని, తెలుగు నవల, ఇంగ్లీషు నవల రెండూ సంచిలో వేసుకుని మా ఊరికి దిగింది. ఊరి నోట్లో ఓక్సున్ రెండు రోజుల్లో ఓకమ్మ అయింది.

ఆమె సారు ఇంట్లో ఉండేది, కానీ రోజంతా మా దొడ్డి దగ్గరే. అర్థం కాని ప్రతి మాటకూ ఒక పచ్చ కాగితపు ముక్క మీద ఏదో రాసి సారు అరుగు గోడకు అంటించేది. ఆ మాట తేలిపోతే ముక్కను తీసి జేబులో వేసుకునేది. వారం తిరిగేసరికి ఆ గోడ ఆకులు పట్టిన కొమ్మలాగా అయింది. చెబితే ఒప్పుకునేది కాదు, చేసి చూడాలి. ఉన్ని వడికింది, దారం పుటుక్కున తెగితే మళ్లీ అతికింది. అంబలి తాగింది. గొర్రెల వెంట మా బాపుతో నడిచి కాళ్లు బొబ్బలెక్కించుకుంది. నవలలో ఒకచోట తడిసిన గొంగడి బరువు సంగతి ఉందట. ఆ బరువు మోస్తే తప్ప రాయనంది. ఊళ్లో చూస్తే బావులు ఎండి, ట్యాంకరు కోసం బిందెలు వరుస కట్టి ఉన్నాయి. అయినా మా అవ్వ ఒక బిందెడు నీళ్లు తెచ్చి, ఆమె నెత్తిన గొంగడిని కొప్పెర వేసి కూర్చోబెట్టి, పైనుంచి పోసింది. మా బాపు కూడా తన తల్లిని అవ్వ అనే పిలిచేవాడు.

"తాగనీకె చుక్క లేదంటే గొంగడికి పోస్తున్నవా అవ్వా?" అన్నాడు బాపు.

"ఊకో కొడకా. అంత దూరం కెల్లి బరువు మోయనీకె వచ్చింది, మోయనియ్యి" అంది అవ్వ.

ఓకమ్మ ఆ తడి గొంగడితో లేచి మా వాకిలంతా మూడు చుట్లు తిరిగి, వణుకుతూ పోయి గోడ మీది ముక్క తీసేసింది. కింద కారిన నీళ్లను గొర్రెలు నాకాయి.

ఆమె తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. అందరినీ మీరు అనేది. నన్ను మీరు అంది. గొర్రెపిల్లను కూడా మీరు అనేది. "మీరు ఇటు రండి" అని ఆమె పిల్లను పిలుస్తుంటే అవ్వ పొట్ట పట్టుకుని నవ్వేది. తొమ్మిదేళ్లు నిండేదాకా నన్ను మీరు అన్న మనిషి ఇంకొకరు లేరు. ఈ ఒక్క సంగతికి ఆమెకు జీవితాంతం రుణపడి ఉండేదాన్నే, వెంటనే వచ్చిన రెండు సంగతులు లేకపోతే.

మొదటిది నా పేరు. అరుగు మీద సారు, ఓకమ్మ కూర్చుని ఉండగా అవ్వ జొన్నలు చెరుగుతూ నన్ను పిలిచింది. ఆ పేరుకు అర్థమేమిటని ఓకమ్మ అడిగింది. సారు ఇబ్బందిపడుతుంటే అవ్వే పెంటకుప్ప, చాట, తవుడు, పక్కింటామె, అన్నీ చేతులతో చూపిస్తూ చెప్పింది. సారు నసుగుతూ ఇంగ్లీషులో అందించాడు. ఓకమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేదు. కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వి, అద్దాలు తీసి తుడుచుకుని, సారుతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. సారు ముఖం చిట్లించి, మంచి పేరు అంటోంది అని మాత్రం మాకు చెప్పాడు. అవ్వ సంబరపడింది. నాకు ఒళ్లు మండింది. బడిలో నవ్వే వాళ్లు చాలరని కొరియా నుంచి కూడా వచ్చారనుకున్నాను.

రెండోది అంతకన్నా పెద్దది. నవలలో ఒక వాక్యం ఆమెకు కొరుకుడు పడలేదు. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు ఒక ఆడమనిషి పాలు పూసి వదిలింది అని తెలుగులో ఉంది. ఇంగ్లీషులో దాన్ని పాలు తాపి వదిలింది అని రాశారట. పూయడమేమిటని ఆమె అడిగితే, దేవుడికి పాలాభిషేకం చేసినట్టు అది ఒక ఆశీర్వాదమని సారు చాలాసేపు వివరించాడు. ఆయన గొప్ప పద్యాలు చెప్పేవాడు కానీ గొర్రె వెంట ఒక్కనాడు నడిచినవాడు కాదు. నేను స్తంభం పక్క నుంచి అన్నాను:

"గట్ల కాదు సారూ. వాసన కోసం పూస్తరు."

అరుగు మీద అప్పుడు పది మంది ఉన్నారు. సారు నా వైపు తిరగను కూడా లేదు.

"నువ్వు ఊకో పెంటీ. గొర్ల ఎనుక తిరిగెటోళ్లకు పుస్తకాల సంగతి ఏం ఎరుక?"

పది మందీ నవ్వారు. నేను ఓకమ్మ ముఖం చూశాను. నేను చెప్పినది ఆమెకు అర్థమైందని నాకు తెలుసు, ఎందుకంటే ఆమె పెన్సిల్ ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆమె తల వంచుకుని, సారు చెప్పినదే రాసుకుని, గోడ మీది ముక్క తీసేసింది. ఆ పెన్సిల్ ఆగిన క్షణం పదకొండేళ్లు నా లోపల ఒక ముల్లులాగా ఉండిపోయింది.

కార్తీకంలో గొర్రెలు ఈనడం మొదలైంది. మేత లేక తల్లులకు పాలు లేవు, పుట్టిన వాటికి నిలబడే సత్తువ లేదు. నుదుట తెల్లమచ్చ ఉన్న మా బొల్లి గొర్రె ఒక పొద్దున పిల్లను ఈని చచ్చిపోయింది. అదే రోజు పొట్టి చెవుల గొర్రె చచ్చిన పిల్లను ఈనింది. ఒకచోట తల్లి లేని పిల్ల, ఇంకోచోట పిల్ల లేని పాలు. ఆ పిల్లను బతికించే పని అవ్వ నాకు అప్పజెప్పింది. నేను పోయి ఓకమ్మ చేయి పట్టుకుని దొడ్డికి తీసుకొచ్చాను. కోపంతోనే తీసుకొచ్చాను.

పొట్టి చెవుల దాన్ని మూలన ముందుకాలికి తాడు వేసి కట్టాం. అవ్వ దాని పొదుగు నుంచి పాలు నా దోసిట్లోకి పిండింది. వెచ్చగా, జిగటగా, పసుపు కలిసిన తెలుపు. ఆ పాలను నేను బొల్లి పిల్ల నెత్తికి, వీపుకు, తోక కిందికి పూశాను. తల్లి ముందు మూతి పెట్టేది తోక కిందే. గొర్రె వాసన చూసి, ఒక్క కుమ్ము కుమ్మితే పిల్ల గోడకు తగిలి పడింది. సాయంత్రం మళ్లీ పూశాం, మళ్లీ కుమ్మింది. రెండో రోజు కుమ్మలేదు కానీ తాగనివ్వలేదు, పిల్ల పొదుగు దగ్గరికి పోయినప్పుడల్లా పక్కకు జరిగింది. ఓకమ్మ పొద్దున వచ్చి నేల మీద గొంతుక్కూర్చుని, పుస్తకం తెరవకుండా చూసి, పొద్దుగూకే వేళకు పోయేది. చచ్చిపోతుందని నేను ఏడిస్తే అవ్వ, "దాని పాల వాసన దానికి తెల్వదా? జర ఓపిక పట్టు" అంది. మూడో రోజు పొద్దున నేను పాలు పూసి వదిలాక పొట్టి చెవుల గొర్రె పిల్ల తోక కింద మూతి పెట్టి చాలాసేపు వాసన చూసింది. తర్వాత దాని గొంతులోపల గురగురమని సన్నటి చప్పుడు మొదలైంది. కన్నతల్లి తన పిల్లతో తప్ప ఆ చప్పుడు చేయదు. పిల్ల తోక ఊపుకుంటూ తాగింది.

ఓకమ్మ లేచి, నోటు పుస్తకంలోంచి ఒక పేజీ చింపి, నలిపి, జేబులో పెట్టుకుంది. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో మాట ఏరుకుంటూ అంది:

"మీరు చెప్పినది సరి. నేను మీ పేరు పుస్తకంలో రాస్తాను."

ఆ మధ్యాహ్నం ఆమె, అవ్వ వాకిట్లో కూర్చున్నారు. కృష్ణ మీద ఆనకట్ట కట్టినప్పుడు అవ్వ తల్లిగారి ఊరు నీళ్లలో పోయింది. అవ్వ ఒక గులకరాయిని గిన్నెలో పెట్టి నీళ్లు పోసి, "మా ఊరు గిట్లనే పోయింది బిడ్డా" అంది. ఓకమ్మ ఇంకో రాయి వెతికి తెచ్చి అవ్వ రాయి పక్కన నీళ్లలో పెట్టింది. ఆమె పుట్టిన కొండ ఊరు కూడా రిజర్వాయరు కింద ఉందని, నాలుగు నవలల్లో మూడు ఆ ఊరి గురించేనని, ఇక రాయడానికి ఆ ఊళ్లో ఏమీ మిగలక ఇతరుల ఊళ్లను తమ భాషలోకి మోయడం మొదలుపెట్టిందని సారు తర్వాత చెప్పాడు. ఆ గిన్నె రెండు రోజులు అక్కడే ఉంది. కోళ్లు నీళ్లు తాగిపోయాయి.

ఆమె పోయే ముందు పంచాయతీ ఆఫీసు దగ్గర సభ పెట్టారు. నేను తలకు నూనె పెట్టుకుని, రిబ్బన్లు కట్టుకుని, ముందు వరుసలో కూర్చున్నాను. సారుకు శాలువా కప్పారు. ఓకమ్మ కాగితం చూసి తెలుగులో చదివింది. సారుకు, ఊరి పెద్దలకు, ఊరికి దండాలు చెప్పింది. నా వైపు చూసింది, నోరు తెరిచింది, కాగితం మడిచి కూర్చుంది. నా పేరు రాలేదు. పిల్లలందరికీ పెన్సిళ్లు పంచుతుంటే నేను లేచి వచ్చి గొర్రెపిల్లల దొడ్డిలో దూరాను. జీపు బయలుదేరే ముందు ఆమె మా ఇంటికి వచ్చి నన్ను పిలిచింది. "పెంటమ్మ గారూ" అని పిలిచింది. నేను బొల్లి పిల్ల మెడ పట్టుకుని, దాని మూతి మూసి, కదలకుండా కూర్చున్నాను. ఆ రోజు గెలిచాననుకున్నాను.

రెండేళ్లకు సారు ఇంటికి రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి ఆయనకు, ఒకటి మాకు. సారుకు ఇంగ్లీషులో కృతజ్ఞతల ఉత్తరం కూడా ఉంది. మా పుస్తకంలో మొదటి పేజీ మీద పెన్సిల్‌తో రాసిన ఒకే ఒక్క వరుస. ఎవరికీ చదవరాదు. బాపు దాన్ని తిరగేసి చూసి, ఎంత మంచి కాగితమో అన్నాడు. అవ్వ తన గొంగడి మడతలో పెట్టింది.

కరోనా ఏడు బడి ఫోన్‌లోకి వచ్చింది. బాపు నాలుగు గొర్రెలు అమ్మి ఫోన్ కొన్నాడు. పాఠాలు వినమని ఇచ్చిన ఫోన్‌లో నేను మొదట చేసిన పని కొరియన్ అక్షరాలు వెతకడం. గోడ మీద బొగ్గుతో రాసుకుని వారంలో నేర్చుకున్నాను. ఆ తర్వాత పుస్తకం తీసి నాలుగు వందల పేజీల్లో నా పేరు కోసం వేలు పెట్టి వెతికాను. పెంటమ్మ ఎక్కడా లేదు. మొదటి పేజీ మీది వరుసను కూడబలుక్కుని ఫోన్‌కు చెబితే, అది తిప్పి చెప్పింది: కుక్కపెంట నుంచి కుక్కపెంటకు.

నేను ఆ రోజు అన్నం తినలేదు. నుంచి అన్న మాట ఫోన్ పొరపాటనుకున్నాను. నాకు అర్థమైన కుక్కపెంట ఒక్కటే, అది నేను. పేరు రాస్తానని చెప్పి, సభలో పలకక, చివరికి ఇంత దూరం నుంచి ఆ పేరును ఇంకా అడుగుకు దింపి పంపింది. దీనికి జవాబు ఇంగ్లీషులో ఇవ్వకూడదు, ఆమె భాషలోనే, ఒక్క తప్పు లేకుండా ఇవ్వాలని నిశ్చయించుకున్నాను. ఇప్పుడు డిగ్రీలో కొరియన్ ఎందుకు తీసుకున్నావని అడిగిన వాళ్లకు సీరియళ్లు చూసి అని చెబుతుంటాను. నిజం ఇది.

నేను ఆ అక్షరాలు నేర్చుకుంటున్న సంగతి విని సారు కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. చంకలో ఓకమ్మ వదిలిపెట్టి పోయిన కొరియన్ నిఘంటువు. "నాకైతే అక్కరకు రాలేదు. నీకొస్తదేమో చూడు బిడ్డా" అన్నాడు. అరుగు మీద అన్న మాట గురించి ఏమీ అనలేదు. ఆయన అనాల్సింది. కానీ ఆ నిఘంటువు లేకపోతే నేను రెండో పేజీ దాటేదాన్ని కాదు, ఎండలో అంత బరువు మోసుకుని ఆయన నడిచి వచ్చాడన్నది కూడా అంతే నిజం. మరుసటి ఏడు అవ్వ పోయింది. గొంగడి నాకిమ్మని చెప్పిపోయింది.

పుస్తకాన్ని చివరి నుంచి తిప్పకూడదని, మొదటి పేజీ నుంచి వరుసగా చదవాలని పంతం పెట్టుకున్నాను. అందుకే, డిగ్రీలో చేరాక మొదలుపెడితే మూడేళ్లు పట్టింది. తడిసిన గొంగడి బరువు దగ్గర మా అవ్వ బిందె కనిపించింది. పాలు పూసిన వాక్యం దగ్గర, తోక కింద అని ఓకమ్మ ఒక చిన్న మాట కలిపింది, మూల నవలలో అది లేదు. పోయిన నెల ఒక వాన పొద్దున నవల అయిపోయింది. ఫిర్యాదు ఉత్తరానికి మొదటి వాక్యం కూడా సిద్ధంగా ఉంది. పేజీ తిప్పితే అనువాదకురాలి మాట అని నాలుగు పేజీలు.

ఆమె ఇట్లా రాసింది. తనకన్నా ముందు తల్లికి ఇద్దరు పిల్లలు పోతే, నాయనమ్మ తనకు గెత్తోంగి అని పేరు పెట్టింది, కుక్కపెంట అని దాని అర్థం, వాళ్ల దేశంలో చావు కన్ను పడకుండా పిల్లలకు ఇట్లాంటి పేర్లు పెట్టేవారు, బడిలో చేరేదాకా తన పేరు అదే. ఊరు మునిగి, నాయనమ్మ పోయాక, ఆ పేరుతో తనను పిలిచేవాళ్లు భూమ్మీద ఎవరూ లేరు. తెలంగాణలో ఒక అరుగు మీద ఒక ముసలమ్మ పెంటకుప్ప కథ చెబుతుంటే, యాభై ఏళ్ల తర్వాత ఎవరో తనను ఇంట్లో పిలిచే పేరుతో పిలిచినట్టయి, నవ్వూ ఏడుపూ ఆగలేదు. అదే అరుగు మీద ఇంకో గెత్తోంగి, ఎనిమిదేళ్ల పిల్ల, తనకు సరైన అర్థం చెప్పింది. నీకేం తెలుసని పది మంది ముందు అనిపించుకుంది. ఇక్కడి నుంచి ఆమె మాటలే: నాలుగు నవలలు రాసిన నేను అప్పుడు తల వంచుకుని తప్పు అర్థాన్ని రాసుకున్నాను, ఎందుకంటే ఆ ఇంటి అన్నం తింటున్నాను; సభలో కూడా నోరు తెరిచి, ఆతిథ్యం ఇచ్చిన మనిషి తల దించుకుంటాడేమోనని మూసుకున్నాను; నా పనిలో నేను చేసిన తప్పుల్లో ఇవి రెండూ దిద్దుకోలేనివి. ఆ పిల్ల పేరును ఉన్నదున్నట్టు రాస్తే మా పాఠకులకు అది ఒక చప్పుడుగా మిగిలి, వాళ్లు దాన్ని పక్కకు తోసేస్తారు. అందుకని నా పేరు దానికి పూసి వదులుతున్నాను. ఈ పద్ధతి ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నదే.

నా ఒక్కదానికే గుర్తుందనుకున్న అవమానాన్ని, సముద్రాల అవతల ఇంకో మనిషి, రోజూ తీసి చూసుకున్నట్టు, పది మంది నవ్విన సంగతితో సహా గుర్తుపెట్టుకుంది. జీపు బయలుదేరే ముందు పెంటమ్మ గారూ అని ఆమె పిలిచిన పిలుపు మళ్లీ వినబడింది. గొర్రెపిల్ల మూతి మూసిన నా చేయి కనబడింది.

ఊరికి పోయినప్పుడల్లా చూస్తాను. నల్ల గొర్రెలు పోయాయి. బాపు ఉన్ని లేని ఎర్ర గొర్రెలను కొన్నాళ్లు సాకి, మోకాళ్లు నొప్పులని వాటినీ అమ్మేశాడు. ఇంకా సాకేవాళ్లు కత్తిరించిన ఉన్నిని అడిగేవాడు లేక ముళ్లకంపల మీద పారేస్తున్నారు. పిల్లల దొడ్డి జాగాలో ఇప్పుడు రేకుల షెడ్డు. చింతగింజలు వేయించే వాసన ఏ ఇంట్లోంచీ రాదు. నా తర్వాత మా ఊళ్లో ఇంకో పెంటమ్మ పుట్టలేదు. పురిట్లో పిల్లలు పోవడం తగ్గింది, పెంటకుప్ప దాకా పోయే అవసరం ఎవరికీ రావడం లేదు. పోయినవాటన్నిటి మీద నాకు ఫిర్యాదులున్నాయి కానీ, దీని మీద లేదు.

గదిలో తెల్లకాగితం లేకపోవడంతో ఉత్తరాన్ని ఆ దరఖాస్తు వెనుకవైపే మొదలుపెట్టాను. పదకొండేళ్లుగా మనసులో రాసుకున్న ఫిర్యాదు వాక్యం పనికిరాలేదు. మీరు చెప్పినది సరి అని మొదలుపెట్టాను. అవ్వ పోయిన సంగతి, బొల్లి పిల్ల పెద్దదై మూడు ఈతలు ఈనిన సంగతి, నేను దొడ్డిలో దాక్కున్న సంగతి రాశాను. దరఖాస్తులో సంతకం కోసం వదిలిన గడి కాగితానికి అవతలి వైపు ఖాళీగానే ఉండిపోయింది. ఇవతల, ఉత్తరం కింద, పెంటమ్మ, గెత్తోంగి అని రెండు భాషల్లో రెండు పేర్లూ రాశాను. పోస్టు చేసే ముందు ఒకసారి చదువుకుని, ఇంకో వాక్యం చేర్చాను: నాకప్పుడు ఎనిమిదేళ్లు కాదు, తొమ్మిది నిండాయి, మళ్లీ అచ్చువేసేటప్పుడు దిద్దగలరు.